బేర్ సరాయ్ బోర్డు ముందు నాలుగు దేశాలు

విదేశాల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలని వచ్చినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ దేశం మేడమ్?" ఢిల్లీ సాకేత్‌లో ఒక ప్లేస్‌మెంట్ ఆఫీసులో కౌన్సిలర్‌గా పనిచేసినన్నాళ్ళూ ఈ ప్రశ్న విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. ఎవరికి చెప్పాలి, పసిపిల్లలకా పెద్దవాళ్ళకా, క్లాసులో ఎంతమంది ఉంటారు, పొద్దున్న పనా సాయంత్రం పనా అని అడిగినవాళ్ళు చాలా తక్కువ. పెళ్ళిచూపులకు వెళ్ళి అబ్బాయి మొహం చూడకుండా, ఊళ్ళో నీళ్ళు బాగుంటాయా అని మాత్రం కనుక్కుని వచ్చినట్టుండేది. మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి ఉద్యోగాలు వెతుక్కుంటూ ఉంటే, దేశాల సంగతి కాసేపు పక్కనపెట్టి నేను చెప్పే ఈ ఒక్క కథ వినండి.

ముందు నా సంగతి. కాకినాడలో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా ఆయనకు ఢిల్లీ బదిలీ అయింది. ఇక్కడ మళ్ళీ పాఠాలు చెప్పే పని దొరికేదాకా అని ఈ ఆఫీసులో తాత్కాలికంగా చేరాను. ఆ తాత్కాలికం నా జుట్టు నెరిసేదాకా సాగింది. నేను ఏ క్లాసులోకీ వెళ్ళలేదు గానీ ఎందరినో క్లాసుల్లోకి పంపించాను.

మా ఆఫీసులో సలహాలిచ్చేవాళ్ళం ముగ్గురం, ఎవరి పిచ్చి వాళ్ళది. మా బాస్ పంజాబీ, మనిషి బంగారం, గొంతు మాత్రం లౌడ్‌స్పీకరు. ఆయన దేశాలను వాటి విమానాశ్రయాలను బట్టి బేరీజు వేసేవాడు. ఫలానా దేశం ఎలా ఉంటుంది సార్ అంటే, "ఎయిర్‌పోర్ట్ ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ హై" అనేవాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు. నా పక్క సీటులో కూర్చునే మలయాళీ స్నేహితురాలు గల్ఫ్ ఉద్యోగాలు చూసేది. వచ్చినవాడు మంచు కురిసే చోటు కావాలన్నా, నాలుగు మాటల్లో వాడిని ఎడారిలో దింపేది. ఇక నా బలహీనత యూనివర్సిటీ. ఆ మాట వింటే చాలు, మనిషి నిటారుగా కూర్చుంటాడని నా నమ్మకం. మన తెలుగువాళ్ళ పిల్లలు వస్తే మరీను, ఆ ఒక్క ఉద్యోగం వాళ్ళకోసం దాచిపెట్టినట్టు తీసి ముందు పెట్టేదాన్ని.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఎవరినైనా పంపించే ముందు వాళ్ళ చేత మాకు ఒక నమూనా క్లాసు చెప్పించుకునేవాళ్ళం. ఉద్యోగాన్ని బట్టి మేం విద్యార్థులం అయ్యేవాళ్ళం. చిన్నపిల్లల ఉద్యోగమైతే బాస్‌కి పండగే. అల్లరి పిల్లాడి వేషం ఆయనకు ఎంత సహజంగా కుదిరేదంటే, బల్ల కింద దూరి బయటికి రానని మారాం చేసేవాడు. ఒకసారి నిజంగానే నడుం పట్టేసి బయటికి రాలేకపోయాడు. అది కూడా నటనే అనుకుని మేం చప్పట్లు కొట్టాం.

ఆ బల్ల దగ్గరికే ఒకరోజు ఆమె వచ్చింది. జగిత్యాల వైపు అమ్మాయి. ఎమ్మే ఇంగ్లీషు, మధ్యలో బీఈడీ కూడా చేసింది. పోటీపరీక్షల పిల్లలు ఉండే బేర్ సరాయ్‌లో గది తీసుకుని ఏళ్ళ తరబడి సివిల్స్‌కి చదివింది. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇక ప్రయత్నాలు అయిపోయాయి. ఇంటికి వెళ్ళలేక, ఇక్కడ ఉండలేక నలుగుతోంది. ఆ మాట ఆమె చెప్పలేదు. కుర్చీ అంచున కూర్చున్న తీరు చూస్తేనే తెలిసిపోయింది.

నమూనా క్లాసు పెట్టాం. చిన్నపిల్లలకు ఆపిల్ అనే మాట నేర్పమన్నాం. ఆమె లేచి నిలబడి, చున్నీ సర్దుకుని మొదలుపెట్టింది. మొదట ఉపోద్ఘాతం. తరువాత హిమాచల్‌లో ఆపిల్ సాగు, రైతుల సమస్యలు, నిల్వ చేసే వసతుల కొరత. ఒకవైపు చూస్తే ఇలా ఉందనీ, మరోవైపు చూస్తే అలా ఉందనీ చెప్పింది. చివరికి "వే ఫార్వర్డ్" అని భవిష్యత్ మార్గం కూడా చూపించి, థాంక్యూ చెప్పి కూర్చుంది. నాలుగేళ్ళ పిల్లాడి వేషంలో ఉన్న మా బాస్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. అల్లరి చేయడం మరిచిపోయిన రోజు ఆయన జీవితంలో అదొక్కటే.

"బేటా, ఆపిల్ ఖానే కో మిలేగా క్యా?" అని అడిగాడు చివరికి, ఇంతకీ తినడానికి ఆపిల్ దొరుకుతుందా అని.

వియత్నాంలో చిన్నపిల్లల సెంటర్ కోసం అలా చెప్పింది. గల్ఫ్ స్కూలు కోసం తొమ్మిదో తరగతికి చెప్పమంటే అదే పద్ధతి, యూనివర్సిటీకీ అదే పద్ధతి. సివిల్స్ పరీక్షలో జవాబు రాసే తీరు ఆమె ఒంట్లో ఇంకిపోయింది. ఏ ప్రశ్న వేసినా రెండు పక్షాలూ చెబుతుంది, ఏ పక్షమూ తీసుకోదు. అయినా మేం దరఖాస్తు చేయించిన నాలుగు చోట్ల నుంచీ పిలుపు వచ్చింది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఆమెను తట్టుకోవడం ఎవరి తరం? అన్నేళ్ళు సాధన చేసింది దానికే కదా.

మొదటిది గల్ఫ్ స్కూలు. సిలబస్ ఉంటుంది, పరీక్షలుంటాయి, ప్రిన్సిపాల్ ఉంటాడు, చుట్టూ మనవాళ్ళుంటారు, గోంగూర దొరుకుతుంది. రెండోది వియత్నాం సెంటర్. సాయంత్రాలు, శని ఆదివారాలు పని, పాటలు పాడాలి, గెంతాలి, పిల్లల ముక్కులు తుడవాలి. మూడోది మధ్య ఆసియాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ, పెద్ద హాల్లో ఉపన్యాసాలు, పేరు ముందు లెక్చరర్. నాలుగోది కంబోడియాలో హోటల్ ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే ఒక చిన్న సంస్థ. రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ళు, గదులు సర్దేవాళ్ళు, వంటవాళ్ళు నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ళు భయం లేకుండా ఇంగ్లీషు మాట్లాడేలా చేయాలి. పుస్తకం లేదు, పరీక్ష లేదు. దీనికి దరఖాస్తు పెట్టించింది నేనే గానీ, వరసలో అన్నిటికన్నా కింద పెట్టిందీ నేనే.

కంబోడియా పేరు వింటే జనం బెదిరిపోయే రోజులవి. ఉద్యోగమని తీసుకెళ్ళి గదుల్లో బంధించి మోసపు ఫోన్లు చేయిస్తున్నారని వార్తలు వస్తున్నాయి. నేను ఆ సంస్థలో పనిచేస్తున్న ఫిలిప్పీన్స్ టీచర్‌కి, చెప్పాపెట్టకుండా క్లాసు జరిగే వేళ వీడియో కాల్ చేశాను. "తలుపు తెరిచి వీధి చూపించమ్మా, కిటికీలకు ఊచలున్నాయేమో చూపించు" అని అడిగాను. ఆమె నవ్వి, ఫోను పట్టుకుని వీధి చివర పళ్ళబండి దాకా నడిచి, ఒక మామిడికాయ కొనుక్కుని తిరిగొచ్చింది. అక్కడికి నా అనుమానం తీరింది. మీరూ ఎక్కడికి వెళ్ళేముందైనా ఇలాంటి పని ఒకటి చేయండి. రంగుల బ్రోచర్లకన్నా పళ్ళబండి నయం.

యూనివర్సిటీ వాళ్ళు శనివారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నారు. ఆమె అప్పటికే తండ్రికి చెప్పింది, తండ్రి ఊరందరికీ చెప్పాడు. అయినా సంతకం పెట్టడం లేదు. ఎందుకని అడిగితే రెండు పక్షాలూ చెబుతుంది. శుక్రవారం నా బల్ల ముందు నిలబడి అడిగింది.

"మేడమ్, రేపు మా రూముల బోర్డు పెడుతున్నం. మీరు చైర్‌పర్సన్‌గ రావాలె."

బేర్ సరాయ్ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. అక్కడ ఎవరికైనా అసలు ఇంటర్వ్యూ ఉందంటే స్నేహితులంతా గదిలో ఉత్తుత్తి ఇంటర్వ్యూ బోర్డు పెడతారు, దాన్నే మాక్ అంటారు. మంచం గోడకు జరిపి, కుర్చీలు అరువు తెచ్చి, పెద్ద ఆఫీసర్లలా మొహాలు బిగించుకుని కూర్చుంటారు. అభ్యర్థి మెట్ల మీదికి వెళ్ళి, తలుపు తట్టి, అనుమతి అడిగి లోపలికి రావాలి. అప్పటిదాకా ఒకే పళ్ళెంలో పరోటా తిన్నవాళ్ళు ఒకరినొకరు సార్, మేడమ్ అనుకుంటారు. వీళ్ళకు అది ఎంత అలవాటయిందంటే, ఫ్రిజ్ కొనాలా వద్దా అనేదానికి కూడా బోర్డు పెడతారట. ఉద్యోగం ఎంచుకోవడానికి ఆమెకు తెలిసిన దారి కూడా అదే.

నేను సాకేత్ నుంచి ఆటోలో వెళ్ళి, ఆ ఇరుకు సందులో పుస్తకాల దుకాణాలు దాటుకుని మేడ ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. బోర్డులో నాతో పాటు ఆమె రూమ్మేట్లు ఇద్దరు. ఒకతె అనంతపురం అమ్మాయి, పళ్ళ డాక్టరు. సివిల్స్ రాతపరీక్ష గట్టెక్కింది, సోమవారం అసలు ఇంటర్వ్యూ. అందుకని ఆ మధ్యాహ్నం రెండు బోర్డులు, ముందు మన అమ్మాయికి, తరువాత ఈ డాక్టరుకి. రెండో రూమ్మేటు ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మనం మాట్లాడింది ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది.

మన అమ్మాయి తలుపు తట్టి వచ్చి కూర్చుంది. వీపు కుర్చీకి ఆనించలేదు.

"కంబోడియా మే తో ఫ్రాడ్‌వాలే హై నా? ఆప్ క్యోం జాయేంగీ?" అని, మోసగాళ్ళుండే చోటికి ఎందుకు వెళ్తారని అడిగింది ఢిల్లీ అమ్మాయి మహా గంభీరంగా.

మన అమ్మాయి చక్కటి ఇంగ్లీషులో ఒకవైపు భద్రత, మరోవైపు అవకాశం అంటూ చెప్పింది. డాక్టరు గల్ఫ్ గురించి అడిగితే ఒకవైపు స్థిరత్వం, మరోవైపు ఎదుగుదల అంది. యూనివర్సిటీ గురించి నేనడిగాను, మళ్ళీ అదే తూకం. ఒక్క గింజ అటూ ఇటూ పోనివ్వదు. నాకు ఓపిక నశించింది. నా అసలు కోపం కాకినాడ భాషలో బయటికి వచ్చేసింది.

"ఏంటమ్మా ఈ గోల! బ్యాలెన్సు వద్దు నాకు. నీకేం కావాలో ఒక్కటి చెప్పు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెల్వది మేడమ్. ఏదన్న ఒకటి గావాలంటే మల్ల అది రాకుంటెనో? రెండుసార్లు గంత గట్టిగ కోరుకున్న. రాలే. ఇప్పుడు కోరుకునుడంటెనే భయమైతుంది. ఇదొక్కటి గూడ పోయిందంటే నా తాన ఇంకేం లేదు."

నాకూ ఏడుపొచ్చినంత పనైంది. డాక్టరమ్మాయి లేచి ఆమెకు మంచినీళ్ళిచ్చి, "అక్కా, నీది తర్వాత సూద్దాం. ముందు నాది పెట్టక్కా. సోమవారం ముంచుకొస్తాండాది" అంది. ఆ ఇబ్బందిలోంచి ఆమెను బయట పడేయడానికే అలా అందని ఇప్పటికీ నా అనుమానం.

మన అమ్మాయి కళ్ళు తుడుచుకుని వచ్చి నా కుర్చీలో కూర్చుంది, నేను పక్కకు జరిగాను. డాక్టరు మెట్ల మీదికి వెళ్ళి, తలుపు తట్టి, లోపలికి వచ్చి గుడాఫ్టర్నూన్ చెప్పింది. అంతే, అక్కడితో నోరు ఎండిపోయింది. రాతలో అంత తెలివైన పిల్ల, ఊరివాళ్ళ నోళ్ళన్నీ తెరిపించిన డాక్టరు, తన నోరు తెరవలేక మెటికలు విరుచుకుంటోంది. తెలుగు మీడియంలో చదివిన బెదురు అది, నాకు బాగా తెలిసిందే.

నేనైతే వెంటనే ధైర్యం చెప్పేదాన్ని. మన అమ్మాయి చెప్పలేదు. ముందున్న కాగితాలు మూసేసి, తెలుగులో అడిగింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఉప్మా అక్కా."

"ఇంగ్లీషుల చెప్పు. ఒక్క ముక్క చాలు."

"ఉప్మా," అంది డాక్టరు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఇంగ్లీషులో అడిగింది, నువ్వు పీకిన మొదటి పన్ను ఎవరిది అని. డాక్టరు ఆలోచించింది. మన అమ్మాయి ఎదురుచూసింది. తొందర పెట్టలేదు, మాట అందించలేదు, తల ఊపుతూ అలా చూస్తూనే ఉంది. "ఓల్డ్ మ్యాన్. వెరీ అఫ్రెయిడ్. మీ ఆల్సో అఫ్రెయిడ్" అంది డాక్టరు. తప్పు దిద్దుతుందని నేను కాచుకుని ఉన్నాను. దిద్దలేదు. "ఇద్దరిలో ఎవరికి ఎక్కువ భయం?" అని అడిగింది. దాంతో ఆ పిల్ల కుర్చీలో ముందుకు జరిగి, ముసలాయన తన చేయి పట్టుకుని తనకే ధైర్యం చెప్పిన సంగతి, ఊళ్ళో నీళ్ళ వల్ల అందరి పళ్ళూ గారపట్టి ఉండటం, ఆ నీళ్ళ మీద కోపంతోనే తను సివిల్స్‌కి రావడం, అంతా విరిగిన ఇంగ్లీషులో మొదలుపెట్టి, పోనుపోను అతుక్కున్న ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. ఢిల్లీ అమ్మాయి ఆఫీసరు మొహం ఎప్పుడో జారిపోయింది. నేను గడియారం సంగతి మరిచిపోయాను.

అంతా అయ్యాక నేను అడిగాను.

"మా ఆఫీసులో ఆపిల్ మీద వ్యాసం చదివింది నువ్వేనా?"

"అది క్లాసు గద మేడమ్. గిది మాక్."

"ఇలాంటి మాక్‌లు ఎన్నాళ్ళ నుంచి పెడుతున్నావు?"

దానికి ఢిల్లీ అమ్మాయి జవాబిచ్చింది. "శురూ సే మేడమ్. పూరీ గలీ దీదీ కే పాస్ ఆతీ హై." మొదటి నుంచీ ఈ వీధిలో ఇంటర్వ్యూ అంటే వణికే తెలుగు పిల్లలందరూ ఈమె గదికే వస్తారట. ఇక్కడ కూర్చుని మాట్లాడి వెళ్ళినవాళ్ళలో కొందరు ఇప్పుడు ఆఫీసర్లట. ఆ సంగతి ఆమె బయోడేటాలో లేదు. ఉండాలని మాకెవరికీ తోచలేదు.

"ఈ మాక్‌కి జీతం ఇచ్చే చోటు ఒకటుందమ్మా," అన్నాను. "అడుగున పెట్టాం దాన్ని."

ఆమె తండ్రికి ఫోను చేసింది. ఈసారి ఒకవైపు, మరోవైపు లేవు. తండ్రి గొంతు గదంతా వినిపించింది.

"యూనివర్సిటీ అన్నవు గద బిడ్డా? నేను అందరికి చెప్పిన."

"మల్ల చెప్పు నాయ్నా. గది కాదు, హోటళ్ళ పనిజేసేటోళ్ళకు మాట్లాడుడు నేర్పుతదని చెప్పు."

"హోటల్లనా?" అన్నాడు తండ్రి. "నీ మనసుకొచ్చిందా?"

"వచ్చింది నాయ్నా. నాకు గిదే గావాలె."

"గట్లయితే మంచిదే. మందికేం, నేను చెప్పుకుంట."

ఫోను పెట్టేసి ఆమె గట్టిగా ఊపిరి తీసుకుంది. నా యూనివర్సిటీకి కాదని నేనే స్వయంగా సందేశం పంపాను. చేతులు రాలేదంటే నమ్మండి. సోమవారం ఆఫీసులో సంగతి చెబితే మా మలయాళీ స్నేహితురాలు గోంగూర దొరికే చోటు వదులుకున్నందుకు జాలిపడింది. బాస్ మాత్రం కంప్యూటర్లో ఏదో వెతికి, మొహం వెలిగిపోతుండగా, "కోయీ బాత్ నహీ, ఎయిర్‌పోర్ట్ నయా హై" అన్నాడు.

అక్కడికి వెళ్ళగానే అంతా చక్కబడిపోయిందని చెప్తే అబద్ధం. మొదటి వారం భయపడిపోయి, ఆతిథ్యరంగం ప్రాముఖ్యత మీద ఉపోద్ఘాతంతో సహా పాఠం చెప్పిందట. ఒక్కరు నోరు విప్పలేదు. ఫోనులో ఏడ్చింది. "కుర్చీలు జరిపి బోర్డు పెట్టు" అన్నాను. పెట్టింది. వంటాయనను ఆఫీసరుని చేసింది, గదులు సర్దే ఆవిడను చైర్‌పర్సన్‌ని చేసింది. ఆ తరువాత ఏడుస్తూ ఫోను చేయలేదు.

నా రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో ఆమె నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర మీద ముగ్గురు మొహాలు బిగించుకుని కూర్చుని ఉన్నారు. రిసెప్షన్ అబ్బాయి, వంటాయన, మధ్యలో గదులు సర్దే ఆవిడ. నన్ను తలుపు తట్టి రమ్మన్నారు. నేను బల్ల తట్టి గుడాఫ్టర్నూన్ చెప్పాను. రిటైరయ్యాక ఏం చేస్తారని మధ్యలో కూర్చున్న ఆవిడ అడిగింది.

నేను నా మంచి ఇంగ్లీషులో చెప్పాను. ఒకవైపు, గురుగ్రామ్‌లో ఉంటున్న కొడుకూ కోడలూ తమ దగ్గరికి వచ్చి విశ్రాంతి తీసుకోమంటున్నారు. మరోవైపు, బాస్ సలహాదారుగా ఉండిపొమ్మంటున్నారు. రెండింటిలోనూ మంచిచెడులున్నాయి.

ఆవిడ విన్నది. తల ఊపుతూ, తొందరపడకుండా చూసింది. తరువాత ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ అంది. "మేడమ్. నో బ్యాలెన్స్. ప్లీజ్ సే వన్."

తెర మూలన మన అమ్మాయి కనబడుతూనే ఉంది. నన్ను ఆదుకుంటుందేమోనని చూశాను. ఆదుకోలేదు. ఎదురుచూస్తూ కూర్చుంది. కాకినాడలో సుద్దముక్క బల్ల మీద పెట్టి వచ్చిన రోజు గుర్తొచ్చింది.

"ఐ వాంట్ ఎ క్లాస్," అన్నాను.

ఇప్పుడు నేను గురుగ్రామ్‌లోనే ఉంటున్నాను, కొడుకు మాట తీసెయ్యలేదు. కాకపోతే వారంలో కొన్ని సాయంత్రాలు మెట్రో ఎక్కి, ఆటో పట్టుకుని, బేర్ సరాయ్‌లో అదే మేడ ఎక్కుతున్నాను. ఆయాసం మాత్రం ఎక్కువైంది. మొదటి రోజు తెలుగు మీడియం పిల్లలు నలుగురు నా ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఇంగ్లీషు భాష ప్రాముఖ్యత గురించి ఒక చక్కటి ఉపోద్ఘాతం నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ముందు కూర్చున్న పిల్లను పొద్దున్న ఏం తిన్నావని అడిగి, ఆగాను.